పిల్లల వార్డు సిస్టర్లు: పగటికి ఒక మార్కు, రాత్రికి ఒక మార్కు

కోనసీమలో కాలవ గట్టు పక్కనున్న పిల్లల ఆసుపత్రి ఇది. 30 పడకలు. మంచీ చెడ్డా రెండూ రాస్తున్నాం కాబట్టి పేరు పెట్టడం లేదు. డాక్టర్ల సంగతి, బిల్లు సంగతి ఇక్కడ అక్కర్లేదు. సూదంటే హడలిపోయే మూడేళ్ల, ఐదేళ్ల పిల్లల్ని సిస్టర్లు ఎలా చూస్తున్నారన్నదొక్కటే లెక్క.

ఆ భయంలో చాలా భాగం ఇంటి దగ్గర తయారై వచ్చేదే. ‘అన్నం తినకపోతే సూది పొడిపిస్తా’ అన్నది మన వైపు పెరుగన్నంతో పాటు కలిపి పెట్టే మాట. తెల్ల బట్టలు కనపడగానే గుక్కపట్టి ఏడ్చే పిల్లాడికి సిస్టరు కొత్తగా చేసిన పాపం ఏమీ లేదు.

ఈ వార్డులో ముందు మెచ్చుకోవాల్సింది, సూది పని మంచం మీద చేయకపోవడం. చివర్లో వేరే చిన్న గది ఉంది. సెలైన్ సూది పెట్టడం, రక్తం తీయడం, కట్టు మార్చడం అన్నీ అక్కడే. మంచం మీద ఉన్నంతసేపూ తననెవరూ పొడవరని పిల్లలకి రెండో రోజుకే తెలిసిపోతుంది, దాంతో కంటి మీదికి కునుకొస్తుంది. మంచం మీదే పొడిచే వార్డుల్లో సిస్టరు దిండు సర్దడానికొచ్చినా ఏడుపే.

సూదికి గంట ముందు తిమ్మిరెక్కించే క్రీము (లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసినది) రెండు చోట్ల పెట్టి, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టరు అంటిస్తారు. మర్దనా చేయరు, చేయకూడదు కూడా. రెండు చోట్ల ఎందుకంటే మొదటి నరం దొరక్కపోతే మళ్లీ గంట ఆగక్కర్లేకుండా. క్రీము తుడిచాక చర్మం తెల్లగా పాలిపోతుంది, కింద నరం సన్నబడి కనపడదు. ఐదు పది నిమిషాలు ఆగితే మళ్లీ తేలుతుంది. ఈ కాసేపు ఆగలేకే చాలా చోట్ల ‘క్రీము రాస్తే నరం దొరకదండి’ అని దాన్ని మూల పడేస్తారు. ఇక్కడి సీనియర్ సిస్టర్లు ఆగుతారు. ఫిట్స్ వచ్చినా, నీరసించి సోలిపోతున్నా ఇదంతా పక్కనపెట్టి వెంటనే సూది పెడతారు, అది సరైన పనే.

పిల్లాణ్ణి పడుకోబెట్టి నలుగురు కాళ్లూ చేతులూ అదిమి పట్టడం లేదు. తల్లి కుర్చీలో కూర్చుంటుంది, బిడ్డ ఆమె వైపు తిరిగి ఒళ్లో, రెండు కాళ్లూ ఆమె నడుము చుట్టూ. తల్లి చేతులు వీపు చుట్టూ ఉంటాయి, సూది పెట్టే చెయ్యి ఒక్కటే ఆమె చంక కింద నుంచి వెనక్కి వస్తుంది. ఆ చేతిని ఒక సిస్టరు పట్టుకుంటుంది, ఇంకో సిస్టరు పెడుతుంది. మాట్లాడేది మాత్రం ఒక్కరే. పది నోళ్లు ఒకేసారి ‘అయిపోయింది అయిపోయింది’ అంటే ఏమీ అవలేదని పిల్లలకి ఇట్టే అర్థమైపోతుంది. చంటిపిల్లలకైతే తల్లి పాలిస్తుండగానే రక్తం తీస్తారు.

ఊదడానికి కొబ్బరాకు బూర. ఆయమ్మ పెరట్లో కోసిన ఆకుని ఈనె తీసి, గరాటులా చుట్టి, పుల్ల గుచ్చి ఇస్తుంది. ఊపిరి పొడుగ్గా వదిలేటప్పుడు ఒళ్లు బిగుసుకోదు, సూది ఆ ఊదుతుండగానే దిగుతుంది. ఒకరు ఊదింది ఇంకొకరికి ఇవ్వరు, పారేసి కొత్తది చుడతారు. ప్లాస్టిక్ ఈలలు కొని ఒకటే అందరి నోళ్లలో తిప్పే చోట్ల కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

మాట కూడా సూటిగా ఉంటుంది. ‘నొప్పే ఉండదు నాన్నా’ అని ఎవరూ అనరు. ‘గిల్లినట్టు ఉంటుంది, మూడు లెక్కపెట్టేలోపు సూది బయటికొచ్చేస్తుంది’ అంటారు, అలాగే చేస్తారు. ఒక సిస్టరు రెండు సార్ల కంటే పొడవదు, ఆ తర్వాత సీనియర్ రావాల్సిందే. పసుపు రంగు క్యాన్యులా (నరంలో ఉంచే సన్న గొట్టం), అంటే 24 నంబరు, ఎక్కువగా వాడతారు. బొటనవేలు చీకే పిల్లలకి ఆ చెయ్యి వదిలేసి రెండో చేతికి పెడతారు. అన్నిటికంటే నచ్చింది, పెట్టాక బయటికి లాగిన సూదిని పారేసే ముందు దూరం నుంచి చూపించడం: ‘ఇదిగో, సూది నీ చేతిలో లేదు. లోపలున్నది మెత్తటి గొట్టం.’ పిల్లలే కాదు, తల్లులు కూడా చాలామంది సూది లోపలే ఉందనుకుని మూడు రోజులు ఆ చెయ్యి కదపనివ్వరు.

పగలు ఇలా కట్టిన గట్టుకి రాత్రి గండి పడుతుంది.

8 దాటాక వార్డుకి ఇద్దరే సిస్టర్లు. 12కి యాంటీబయోటిక్, 1కి జ్వరం చూడటం, 2కి బీపీ, 4కి నెబులైజర్. ఒక్కసారి లేపి కలిపి చేయగలిగినవి నాలుగుసార్లు చేస్తారు. ప్రతిసారీ వార్డు మొత్తానికీ ట్యూబులైట్లు, చేతిలో టార్చి ఉంటే సరిపోయే పనికి. ఫ్రిజ్‌లోంచి తీసిన మందు చల్లగా ఉండగానే గబగబా తోసేస్తారు. నరం వెంట చురచుర పాకి పిల్లాడు కెవ్వుమని లేస్తాడు. అంతటితో మంచం మీది నమ్మకం పోయినట్టే, పొద్దున డ్యూటీ వాళ్లు మళ్లీ మొదటికి రావాలి. రాత్రి హడావిడిలో మోచేయి మడతలో పెట్టిన క్యాన్యులా ఇంకో తలనొప్పి. చెయ్యి ముడిచినప్పుడల్లా సెలైన్ ఎక్కించే పంపు కూస్తుంది, పక్క పడకల పిల్లలూ లేస్తారు. నెబులైజర్ మాస్కు ముక్కుకి నాలుగంగుళాల దూరంలో పట్టడం కూడా రాత్రే చూశాం. అలా పడితే మందులో చాలా భాగం గాలిలోకే పోతుంది.

నొప్పి చార్టు కూడా అంతే. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం, ఐదింటికీ 0 నుంచి 2 వరకు మార్కులు వేయాలి. పగటి గళ్లు నిండి ఉంటాయి, రాత్రివి ఖాళీ.

ఇంకో అసంతృప్తి, సీరియస్ పిల్లల గదిలోకి తల్లిని రోజుకి రెండుసార్లే పంపడం. మొదటి రోజు ఏడ్చి, రెండో రోజు గోడకి తిరిగి పడుకున్న పిల్లని చూసి ‘అలవాటైపోయిందండి’ అంటారు. అది అలవాటు కాదు, ఆశ వదులుకోవడం. తల్లిదండ్రుల్ని వేళాపాళా లేకుండా రానివ్వాలని బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ 1959లోనే చెప్పింది. మన ప్రభుత్వాసుపత్రుల్లో పిల్లల సేవల కోసం ముస్కాన్ కార్యక్రమం 2021లో మొదలైంది. తల్లిని రానివ్వాలన్న మాట ప్రైవేటు వాళ్లకి ఇంకా చేరాలి. గేటు దగ్గర ఆపాల్సింది తల్లిని కాదు, హార్లిక్స్ సీసాతో వచ్చి మంచం మీద కూర్చుని ‘అయ్యో, నీకు సూది పెట్టారా అమ్మలూ’ అని మళ్లీ కదిలించే చుట్టాల్ని.

సూది పనికి 5కి నాలుగున్నర. రాత్రి డ్యూటీకి రెండు, అదీ సిస్టర్లు తక్కువున్నారని తెలిసి.

ఇక్కడ చేర్చేవాళ్లు క్రీము కావాలని ముందే అడగండి, అడక్కపోతే రద్దీ రోజుల్లో మర్చిపోతారు. రాత్రి మందుల వేళలు 10కి ముందే కనుక్కుని, కలిపి చేయమని మెల్లగా చెప్పండి. చెబితే వింటారు. చేతి మీద ప్లాస్టరు చుట్టూ వాపు, ఎరుపు కనిపిస్తే పంపు కూసేదాకా ఆగకుండా సిస్టర్ని పిలవండి, వాచినా పంపు తనంతట తాను ఆగదు. ఇంటికి పంపే రోజు ప్లాస్టరు ఒక్క లాగుడుకి పీకనివ్వొద్దు. అంచుల వెంట కొబ్బరినూనె రాసి ఐదు నిమిషాలు ఉంచి, రెండో చేత్తో చర్మం నొక్కి పట్టి, పైకి కాకుండా చర్మానికి ఆనించి మెల్లగా వెనక్కి తీయించండి. సూది రంధ్రం మీదికి మాత్రం నూనె రానివ్వకండి.