పిల్లలు గీసిన బోర్డు కింద వార్తలు: ‘సమ్ గుడ్ న్యూస్’ మళ్లీ చూశాక

2020 మార్చి నెలాఖరులో న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు ఒక యూట్యూబ్ లింకు పంపి, దాని కింద “అమ్మకి చూపించక్కా” అని మాత్రం రాశాడు. అప్పటికి గుంటూరులోని మా ఇంట్లో టీవీ పొద్దున్నే మొదలైతే రాత్రి పడుకునేదాకా ఆగేది కాదు. తెర అడుగున అంకెలు పరుగెడుతూ ఉండేవి. అమెరికా పేరు వినపడినప్పుడల్లా అమ్మ, అక్కడ అర్ధరాత్రి అన్న సంగతి కూడా చూసుకోకుండా, తమ్ముడికి ఫోను చేసేది. వాడు పంపింది, అమెరికన్ నటుడు జాన్ క్రాసిన్‌స్కీ తన ఇంటి గదిలో కూర్చుని మార్చి 29న మొదలుపెట్టిన ‘సమ్ గుడ్ న్యూస్’ అనే కార్యక్రమంలో మొదటి భాగం. ఆ ఏడాది మే 17 దాకా వారానికొకటి చొప్పున వచ్చిన ఎనిమిది భాగాలనూ అప్పట్లో వచ్చినవి వచ్చినట్టు చూశాను, ఈ మధ్య మళ్లీ వరుసపెట్టి చూశాను. కష్టకాలంలో మంచి వార్త చెప్పడమనే పని ఎలా చేస్తే నిలుస్తుందో, ఎక్కడ జారిపోతుందో రెండూ ఈ ఎనిమిది భాగాల్లోనే కనిపిస్తాయి గనుక, ఇన్నేళ్ల తర్వాతైనా దీని గురించి రాయడం దండగ కాదనుకుంటున్నాను.

కార్యక్రమం తీరు చాలా సాదా. క్రాసిన్‌స్కీ ముందుగా ట్విటర్‌లో, మీకు తెలిసిన మంచి కబుర్లు పంపండి అని జనాన్ని అడిగాడు. వచ్చినవాటిలోంచి కొన్ని ఏరుకుని, కోటు, టై కట్టుకుని, ఒక బల్ల వెనక కూర్చుని అచ్చం టీవీ వార్తల మనిషిలాగా చదివాడు. వెనక గోడకు మాత్రం చానళ్లలో మెరిసే గాజు బోర్డుకు బదులు, ఆయన చిన్నారి కూతుళ్లు రంగులతో గీసిన ‘ఎస్‌జీఎన్’ అక్షరాల కాగితం వేలాడుతూ ఉంటుంది. స్టూడియో లేదు, ఎవరితో మాట్లాడాలన్నా వీడియో కాలే. ఆ కాగితం ఒక్కటే వార్తా చానళ్ల ఆర్భాటాన్నంతా చప్పుడు లేకుండా వెక్కిరిస్తుంది. అమ్మకు ఇంగ్లిషు రాదు, నేను పక్కన కూర్చుని ఆపుతూ ఆపుతూ తెలుగులో చెప్పాను. ఆవిడ ఆ బోర్డును కాసేపు చూసి, “ఈయన బడి మాస్టారా ఏమిటి?” అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ కార్యక్రమానికి ‘మాస్టారి వార్తలు’ అన్న పేరే స్థిరపడిపోయింది.

మొదటి భాగంలో రెండు ముఖ్యమైన ఘట్టాలున్నాయి, రెండింటికీ మా ఇంట్లో దక్కిన ఆదరణ వేరువేరు. ఒకటి, స్టీవ్ కరెల్‌తో ముచ్చట. ‘ది ఆఫీస్’ అనే టీవీ ధారావాహికలో ఇద్దరూ కలిసి నటించారు, 2005లో మొదలైన ఆ ధారావాహికకు సరిగ్గా అప్పుడే పదిహేనేళ్లు నిండాయి. అది చూసి పెరిగినవాళ్లకు ఈ ముచ్చట పండగలా ఉంటుంది, చూడనివాళ్లకు మాత్రం ఎవరో ఇద్దరు పాత స్నేహితులు మనకు తెలియని సంగతులు తలుచుకుని నవ్వుకుంటున్నట్టు ఉంటుంది. అమ్మ ఆ కాసేపూ వంటింట్లోకి వెళ్లి కుక్కరు చూసుకుని వచ్చింది. తప్పు ఆవిడది కాదు.

రెండోది, క్యాన్సర్‌కు ఆఖరి కీమోథెరపీ పూర్తిచేసుకుని ఇంటికి వస్తున్న ఒక అమ్మాయి. ఆసుపత్రి నుంచి తిరిగివస్తున్న ఆ పిల్లకు తన వీధి వీధంతా ఎదురొస్తుంది: కార్లు బారులు తీరి ఉంటాయి, చేతుల్లో అట్టముక్కల మీద రాసిన స్వాగతాలుంటాయి, జనం దూరం దూరంగా ఉండి చప్పట్లు కొడుతూ కేకలు వేస్తుంటారు. పిల్ల ఏడుస్తుంది, తల్లీ ఏడుస్తుంది. అమ్మ ఇక్కడ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. “దగ్గరకొచ్చి ఒక్కసారి ఒళ్లోకి తీసుకోవడానికి కూడా లేదు కదే పాపం” అని తానూ కళ్లు తుడుచుకుంది. ఆ మాటే నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తోంది. ఆ దృశ్యంలో సంతోషం ఉంది, ఆ సంతోషానికి అడ్డుపడిన కష్టం కూడా అందులోనే ఉంది; రెంటినీ విడదీయలేం. కార్లు బారులు తీరింది ముచ్చట కోసం కాదు, మనుషులు మనుషుల దగ్గరికి వెళ్లకూడని రోజులు గనుక. కష్టాన్ని దాచకుండా తనలోనే మోసుకొచ్చే మంచి వార్తకు బరువుంటుంది, అది మనసులో కూర్చుంటుంది.

మూడో భాగంలో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్య కేంద్రంలో కోవిడ్ రోగులకు సేవ చేస్తున్న సిబ్బంది కొందరిని, ఆ ఊరి బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్ ఆడే ఫెన్‌వే పార్క్‌కు తీసుకెళ్తారు. దాదాపు 37 వేల మంది పట్టే ఆ మైదానంలో అప్పుడు ఆట లేదు, ప్రేక్షకులు లేరు. మాస్కులు కట్టుకున్న ఆ నలుగురైదుగురు పచ్చికలో ఒకరికొకరు ఎడంగా నిలబడి ఉంటే, చుట్టూ ఖాళీ కుర్చీలు అంతెత్తున లేస్తూ పోతాయి. జట్టు మాజీ దిగ్గజం డేవిడ్ ఓర్టిజ్ వీడియోలో కనిపించి, మీకు జీవితాంతం మ్యాచ్ టికెట్లు ఉచితమని ప్రకటిస్తాడు. బహుమతి ఇచ్చే ఘట్టాలంటే నాకు సహజంగానే కొంత అనుమానం. ఇచ్చేవాడి మొహం మీద కెమెరా ఎక్కువసేపు నిలిచిపోతుంది. ఇక్కడ మాత్రం ఆ ఖాళీ కుర్చీలు కార్యక్రమాన్ని నిలబెట్టాయి. ఆటలే ఆగిపోయిన కాలంలో ఆట టికెట్టు ఇవ్వడమంటే, ఈ రోజులు గడిచిపోతాయని మాట ఇవ్వడమే కదా.

ఆ తర్వాత నుంచి కార్యక్రమం మెల్లమెల్లగా తారల చేతుల్లోకి వెళ్లిపోయింది. రెండో భాగంలోనే దానికి పునాది పడింది: ‘హామిల్టన్’ అనే బ్రాడ్‌వే సంగీత నాటకానికి టికెట్లు కొనుక్కుని, అది రద్దవడంతో నిరాశపడిన తొమ్మిదేళ్ల పాప కోసం ఆ నాటకం తొలి బృందమంతా ఎవరి ఇళ్లలో వాళ్లుండి జూమ్‌లో పాడారు. ఆ పాప నోరు తెరుచుకుని చూస్తుండడం ఎంతో బాగుంటుంది, దానికి వంక పెట్టను. కానీ ఆ భాగానికి వచ్చిన ఆదరణే దారి చూపించినట్టుంది. ఏప్రిల్ 17న, బడిలో వీడ్కోలు నృత్యవేడుక పోగొట్టుకున్న పిల్లల కోసం బిల్లీ ఐలిష్, జోనస్ బ్రదర్స్ వంటి గాయకులతో ఇంటర్నెట్‌లో వేడుక జరిగింది. తర్వాత పేరున్న వంటవాళ్లతో ఒక భాగం. పట్టభద్రులయ్యే పిల్లల ప్రశ్నలకు ఓప్రా విన్‌ఫ్రీ, స్టీవెన్ స్పీల్‌బర్గ్, మలాలా జవాబులు చెప్పిన భాగం మరొకటి. ఏడో భాగంలో క్రాసిన్‌స్కీ స్వయంగా పురోహితుడై వీడియోలో ఒక జంటకు పెళ్లి చేశాడు, ‘ది ఆఫీస్’ నటులంతా ఎవరి గదిలో వాళ్లు నృత్యం చేశారు. ఇంకొకచోట వాతావరణ నివేదికకు బ్రాడ్ పిట్‌ను పిలిస్తే, ఆయన బయట ఆకాశంకేసి చూసి, బాగానే ఉన్నట్టుందని చెప్పి వెళ్లిపోతాడు. ఆ కొన్ని క్షణాలకు నేను పగలబడి నవ్వాను, ఇప్పటికీ నవ్వుతాను. అయితే మొదటి భాగంలో వార్త ఆ వీధి జనానిది, ఆరో భాగానికి వచ్చేసరికి వార్త వచ్చిన అతిథిది. చుట్టూ ఉన్న మనుషులు చేసిన మంచిని చెప్పడం ఒక పని, పేరున్నవాళ్లు వచ్చి ఆశ్చర్యపరచడం వేరే పని. ఈ రెండోదాన్ని వినోదం అంటాం.

ఈ కార్యక్రమం అసలు తాకని సంగతులు కూడా ఉన్నాయి. నర్సులకు, డాక్టర్లకు ప్రతి భాగంలోనూ ఏదో ఒక రూపంలో కృతజ్ఞత కనిపిస్తుంది. వాళ్లకు అప్పుడు మాస్కులు, రక్షణ దుస్తులు చాలక ఎన్ని అగచాట్లు పడ్డారో మాత్రం కనిపించదు. ఎనిమిదో భాగం వచ్చిన పది రోజులకు, మే 27న, అమెరికాలో కోవిడ్ మృతుల సంఖ్య లక్ష దాటింది. పదిహేను ఇరవై నిమిషాల ఊరట కార్యక్రమం నుంచి ఆ లెక్కలన్నీ ఆశించడం అన్యాయమని ఎవరైనా అంటే కొంతవరకు ఒప్పుకుంటాను. ఆ అంకెలు అక్కడ పొద్దస్తమానం చెప్పేవాళ్లు వేరే ఉన్నారు.

కానీ ఇదే ప్రశ్న మన దగ్గరా ఎదురైంది గనుక పూర్తిగా వదిలిపెట్టలేను. ఆ ఏప్రిల్‌లోనే నిజామాబాద్ జిల్లా బోధన్‌కు చెందిన ఒక ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు, నెల్లూరులో చిక్కుకుపోయిన కొడుకును తెచ్చుకోవడానికి పోలీసు అధికారి దగ్గర అనుమతి లేఖ తీసుకుని, రొట్టెలు మూటగట్టుకుని, స్కూటీ మీద ఒంటరిగా బయల్దేరింది. రానూ పోనూ 1,400 కిలోమీటర్లు, మూడు రోజులు. రాత్రివేళ రోడ్డు మీద మనిషి జాడ లేకపోవడం భయపెట్టిందని ఆవిడే చెప్పింది. ఈ కబురు దేశమంతా ‘అమ్మ ప్రేమ’ అన్న శీర్షికతో తిరిగింది, నేనూ పదిమందికి పంపాను. అమ్మకు చదివి వినిపిస్తే, మెచ్చుకోవడం సంగతి అటుంచి, ముందుగా “బస్సు లేదా?” అని అడిగింది. లేదు, రైలూ లేదు. మార్చి 25 నుంచి దేశమంతా మూతపడింది. ఆ తల్లి సాహసాన్ని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ 1,400 కిలోమీటర్లు ఎందుకు అవసరమయ్యాయో ఆ కబురులోంచి తీసేస్తే మిగిలేది సగమే. ‘సమ్ గుడ్ న్యూస్’ చివరి భాగాల్లో నాకు కనిపించే లోటు సరిగ్గా ఇదే.

ఒక విషయంలో మాత్రం దీనికి పూర్తి మార్కులు వేయాలి. ఆ రోజుల్లో మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో వెనిస్ కాలువల్లోకి డాల్ఫిన్లు తిరిగొచ్చాయని ఒక వీడియో తెగ తిరిగింది. అది సార్డీనియా ద్వీపంలోని ఒక ఓడరేవులో తీసినదని, వెనిస్‌లో కనిపించాయన్న హంసలు కూడా కొత్తగా వచ్చినవి కావనీ తర్వాత తేలింది. గాలిలో కాలుష్యం తగ్గి, పంజాబ్‌లోని జలంధర్ నుంచి హిమాలయాల్లోని ధౌలాధార్ కొండలు కనిపించాయన్నది మాత్రం నిజమే, కానీ డాల్ఫిన్ల తర్వాత దాన్నీ మా బాబాయి నమ్మలేదు. అబద్ధపు మంచి వార్త చేసే చెరుపు ఇదే: తన వెనక వచ్చే నిజాన్ని కూడా పాడుచేస్తుంది. క్రాసిన్‌స్కీ అయితే పెద్ద కబుర్ల దగ్గర ఆ మనిషినే తెర మీదకు పిలిచి మాట్లాడించాడు. ఆ పిల్ల ముఖం, గొంతు, తల్లి కన్నీళ్లు మన ఎదుటే ఉంటే ఇక సాక్ష్యం అడగాల్సిన పని ఏముంది?

ఎనిమిదో భాగం తర్వాత నాలుగు రోజులకే, మే 21న, వయాకామ్‌సీబీఎస్ అనే అమెరికన్ మీడియా సంస్థ ఈ కార్యక్రమాన్ని కొనుగోలు చేసిందన్న ప్రకటన వచ్చింది. కొనడానికి చాలా సంస్థలు పోటీపడ్డాయట. క్రాసిన్‌స్కీ నిర్మాతల్లో ఉంటాడు గానీ ఆ కుర్చీలో ఇక కూర్చోడని కూడా అందులోనే తేలింది. జనం పంపిన కబుర్లతో ఇంట్లో తయారైన దాన్ని అమ్ముకున్నాడని అభిమానులు మండిపడ్డారు. తనకు వేరే సినిమాలు, సిరీస్‌లు ఉన్నాయని, ఇల్లు కదలకుండా ఎల్లకాలం దీన్ని నడపలేనని ఆయన చెప్పుకొచ్చాడు. నాకు అమ్మకం మీద అంత కోపం లేదు, మనిషికి తన పని తనకుంటుంది. కాకపోతే దీని విలువంతా ఆ గదిలో, ఆ మనిషిలో, ఆ కాగితం బోర్డులో ఉందని కొన్నవాళ్లు ఎలా మర్చిపోయారన్నదే నాకు అంతుపట్టదు. ఇంకొకరు వచ్చి స్టూడియోలో కూర్చుంటే అది మరో టీవీ కార్యక్రమమే అవుతుంది.

ఇప్పుడు చూడదలచినవాళ్లకు నా సలహా ఇది. మొదటి, మూడో భాగాలు తప్పకుండా చూడవచ్చు. రెండోది పిల్లలతో కలిసి చూస్తే బాగుంటుంది. ఏడోది ‘ది ఆఫీస్’ చూసినవాళ్లకే. మిగతావి తీరిక ఉంటే చూడండి, లేకపోయినా పోయేదేమీ లేదు. ఇంగ్లిషు రాని పెద్దవాళ్లకు చూపించేటప్పుడు పక్కన కూర్చుని చెప్పేవాళ్లు ఒకరుండాలి. రోజూ మంచి వార్తలు కావాలనుకుంటే అమెరికాలో 1997 నుంచి నడుస్తున్న ‘గుడ్ న్యూస్ నెట్‌వర్క్’, మన దగ్గర బెంగళూరు నుంచి వచ్చే ‘ది బెటర్ ఇండియా’ ఉన్నాయి. అయితే రోజూ పేజీ నింపాలన్న అవసరం మంచి వార్తను కూడా పలచన చేస్తుందని నా అనుభవం. ఎనిమిది వారాలతో ఆగిపోవడం ఒక రకంగా క్రాసిన్‌స్కీ కార్యక్రమానికి మేలే చేసింది. అయిదుకు మూడున్నర ఇస్తాను, అందులో రెండు మొదటి భాగానివే.

2021 మేలో అమ్మకే కోవిడ్ వచ్చింది. పెద్దగా ఇబ్బంది పెట్టలేదు గానీ పద్నాలుగు రోజులు లోపలి గదిలో ఒంటరిగా ఉండాల్సి వచ్చింది. కంచం గుమ్మం దగ్గర పెట్టి నేను వెనక్కి జరిగేదాన్ని. ఐదో రోజో ఆరో రోజో, తలుపు అవతలి నుంచి మాస్టారి వార్తలు పెట్టమని అడిగింది. ట్యాబ్ గుమ్మం దగ్గర స్టూలు మీద ఆనించి, మొదటి భాగం పెట్టి, అర్థం చెప్పడానికి నేను హాల్లో కింద కూర్చున్నాను.

“ఆ నటుడి ముచ్చట్లు వద్దు గానీ, ఆ పిల్ల ఇంటికొచ్చేది పెట్టవే” అంది.