ప్లింక్ రివ్యూ: మన మేనరికాల డేటా మీద వాడి చూశాక

నాలుగేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్న సాఫ్ట్‌వేర్ గురించి రాస్తున్నాను. పేరు ప్లింక్. జన్యు డేటా మీద లెక్కలు చేసేవాళ్లకి ఇది వంటింట్లో కత్తిపీట లాంటిది, ముందు ఇది లేనిదే పని మొదలవదు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

దీన్ని రాసినాయన షాన్ పర్సెల్, స్టాటిస్టికల్ జెనెటిక్స్ శాస్త్రవేత్త. బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌లలో ఉండగా 2007లో సహచరులతో కలిసి దీని మీద పేపర్ వేశారు. డీఎన్ఏలో ఒకరికీ ఇంకొకరికీ ఒక్క అక్షరం తేడా వచ్చే చోట్లని స్నిప్‌లు అంటాం. ఒక్కో మనిషివి లక్షల స్నిప్‌లు చదివే చిప్‌లు అప్పుడే ఊపందుకున్నాయి, అంత డేటాని మామూలు కంప్యూటర్‌లో ఎలా ఇమడ్చాలన్నదే పెద్ద టెన్షన్. ఆయన పద్ధతి చాలా సూటిగా ఉంటుంది: ఒక్కో జన్యురూపానికి (ఒక స్నిప్ దగ్గర ఒక మనిషికి ఉన్న అక్షరాల జతకి) రెండే బిట్లు, అంటే ఒక బైట్‌లో నలుగురు. వెయ్యి మంది, ఐదు లక్షల స్నిప్‌లు ఉన్న డేటా మామూలు టెక్స్ట్‌గా రాస్తే సుమారు 2 జీబీ అవుతుంది, ఈ పద్ధతిలో రాసే ప్లింక్ సొంత ఫైల్, అంటే బెడ్ ఫైల్‌గా 125 ఎంబీలో సరిపోతుంది. పైగా సోర్స్ కోడ్‌తో సహా ఉచితం. లైసెన్స్ కొనే స్తోమత లేని కాలేజీలో పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, నేను నేర్చుకున్నదీ అలాంటి లాప్‌టాప్ మీదే.

2009లో ఆయన ముందుండి చేసిన స్కిజోఫ్రీనియా పేపర్ కూడా చిన్నది కాదు. ఒక పెద్ద జన్యువు కాదు, ఒక్కొక్కటీ చాలా కొద్దిగా పనిచేసే వేల తేడాలు కలిసి ఆ జబ్బు ముప్పుని పెంచుతాయని, అందులో కొంత భాగం బైపోలార్ డిజార్డర్‌తో ఉమ్మడి అని 3,322 మంది రోగుల డేటాతో చూపించారు. ఇవాళ అందరూ మాట్లాడే పాలీజెనిక్ స్కోర్‌లకి (అలాంటి చిన్న చిన్న తేడాలన్నీ కలిపి వేసే ముప్పు లెక్కకి) ఆ పేపర్ గట్టి పునాది వేసింది. అయినా నన్నడిగితే ఆయన ప్రభావం ప్లింక్‌లోనే ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే ఆయన పేరు కూడా తెలియనివాళ్లు ఆయన పెట్టిన ఫైల్ పద్ధతిలోనే డేటా ఇచ్చిపుచ్చుకుంటున్నారు.

ఇక మన డేటా సంగతి. తెలుగు కుటుంబాల్లో మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఉన్నాయి కదా, అక్కడ ప్లింక్‌లోని హోమోజిగ్ ఆప్షన్ నాకు చాలా నచ్చింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకేలాంటి ముక్క వచ్చిన చోట్లని క్రోమోజోమ్ మీద వెతికి పట్టిస్తుంది. బావామరదళ్ల పిల్లల్లో జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏలో, పదహారో వంతు, మేనమామ, మేనకోడళ్ల పిల్లల్లో ఎనిమిదో వంతు అలా ఉంటుందని సిద్ధాంతం చెప్పే లెక్క. మొదటిసారి ఒక శాంపిల్‌లో ఆ పొడవాటి ముక్కలు చూసినప్పుడు చాలాసేపు స్క్రీన్ ముందు నుంచి కదల్లేదు, ఒక ఇంటి పెళ్లిళ్ల చరిత్ర అంతా అందులో ఉంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో వేసిన పేపర్‌లో దక్షిణాసియాలోని 263 సమూహాలు చూస్తే, 81 సమూహాలు ఫిన్లాండ్ వాళ్లకన్నా తక్కువమంది మూలపురుషుల నుంచి పెరిగినంత గట్టి జాడలు చూపాయి. కాబట్టి తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడే అరుదైన జబ్బుల జన్యువులు వెతికేవాళ్లకి ఇలాంటి ముక్కలు పట్టుకోవడం చాలా ముఖ్యమైన పని.

కానీ అర మార్కు పోయింది కూడా ఇక్కడే. ఎవరు ఎవరికి చుట్టమో చెప్పే జీనోమ్ ఆప్షన్, డేటాలో ఉన్నవాళ్లంతా కలగలిసిన ఒకే జనాభా అనుకుని లెక్క వేస్తుంది. నాలుగైదు కులాల శాంపిల్స్ కలిపి నడిపితే, ఒకే కులంవాళ్లు అసలు చుట్టరికం లేకపోయినా దగ్గరి బంధువుల్లా కనిపిస్తారు. ఆ అంకెలు నమ్మి బంధువులని తీసేద్దామని కూర్చుంటే మంచి శాంపిల్స్ పోతాయి, మాకు అలాగే కొన్ని పోబోయాయి. ఇలాంటి డేటాకి ప్లింక్ 2లో ఉన్న, చుట్టరికం లెక్కగట్టే కింగ్ పద్ధతి వాడండి, అది వేర్వేరు సమూహాలు కలిసిన డేటాని దృష్టిలో పెట్టుకుని చేసింది.

ఇంకో రెండు జాగ్రత్తలు. డేటా ఫైల్‌లో జబ్బు లేనివాళ్లకి 1, ఉన్నవాళ్లకి 2 వేయాలి. అలవాటుకొద్దీ 0, 1 వేస్తే సున్నాలన్నిటినీ సమాచారం లేదన్నట్టు పక్కన పెట్టేస్తుంది. పాత వెర్షన్‌లు ఒక్కో స్నిప్‌లోని రెండు అక్షరాల్లో తక్కువగా కనిపించేదాన్ని మొదటి అక్షరంగా మార్చేస్తాయి, ఫలితం ఆ మొదటిదానికే చూపిస్తాయి, చూసుకోకపోతే ముప్పు పెంచేది తగ్గించేదిగా కనిపిస్తుంది. దీనివల్ల నాకు రెండు రోజులు పోయాయి.

పర్సెల్ ఇప్పుడు నిద్ర మీద పరిశోధనకి వెళ్లారు, అక్కడ కూడా లూనా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాశారు. ప్లింక్‌ని క్రిస్టఫర్ చాంగ్ తిరగరాసి చాలా వేగంగా చేశారు, 1.9 వెర్షన్ ఆయనదే. బటన్లు ఉండవు, అన్నీ కమాండ్‌లే, వారం రోజులు కష్టంగా ఉంటుంది.

కొత్తవాళ్లు సొంత డేటా కోసం ఆగక్కర్లేదు. రకరకాల జనాభాల డీఎన్ఏ చదివి అందరికీ అందుబాటులో పెట్టిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లవి 102 శాంపిల్స్ ఐటీయూ అనే పేరుతో ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ముందు 22వ క్రోమోజోమ్ ఒక్కటే తీసుకోండి, ఫైల్ చిన్నది.