మంచె మీద 30 అడుగుల తాడు: ఎనిమిది సీజన్లు వాడాక లైఫ్‌లైన్, హార్నెస్ మీద నా సమీక్ష

2018 ఆగస్టులో కొన్న లైఫ్‌లైన్ తాడులో రెండు జానల ముక్క ఇప్పటికీ మా గ్యారేజీలో మేకుకు వేలాడుతుంటుంది. ఎలుక కొరికిన గుర్తు దాని మీద స్పష్టంగా కనిపిస్తుంది. కొత్తగా వేటకు వస్తామని అడిగే మనవాళ్లు ఎవరైనా ఇంటికొస్తే ముందు ఆ ముక్క చేతికిస్తాను. తుపాకీ గురించి, బైనాక్యులర్ గురించి ఆ తర్వాతే మాట్లాడతాను.

ఈ సమీక్ష రెండు వస్తువుల గురించి. ఒకటి, చేతుల్లేని కోటులా తొడుక్కునే ఫుల్ బాడీ హార్నెస్, అంటే జారితే ఒంటిని పట్టి ఆపే పట్టీల కూర్పు. రెండోది, మంచె పై నుంచి చెట్టు మొదలు దాకా కట్టే 30 అడుగుల లైఫ్‌లైన్. 2018 నుంచి 2025 దాకా ఎనిమిది సీజన్లు వీటితోనే చెట్టెక్కాను. కంపెనీ పేరు రాయడం లేదు. మోడళ్లు ఏటా మారిపోతుంటాయి, తరహా తెలిస్తే కొనేవాళ్లకు సరిపోతుంది.

నేనుండేది పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్ దగ్గర. మన దేశంలో జింకను వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అది అలాగే ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ కథ వేరు. తెల్లతోక జింకలు పొలాలు, అడవులు తినేసేంతగా పెరుగుతాయి కాబట్టి, ఏ ప్రాంతంలో ఎన్ని ఆడజింకలకు లైసెన్సులివ్వాలో వేట వ్యవహారాలు చూసే రాష్ట్ర గేమ్ కమిషన్ ఏటా లెక్కగట్టి ఇస్తుంది. మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్లు శిక్షణ తరగతి పూర్తిచేయాలి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఒక మాట: తాత్కాలిక వీసాలో ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ లాయర్‌ని అడిగాకే ముందుకెళ్లండి.

మా తాత నల్లగొండ జిల్లాలో జొన్న చేలో మంచె కట్టి, వడిసెలతో పిట్టల్ని తోలేవాడు. ఇక్కడి ట్రీ స్టాండ్ చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ మంచే. పెర్రీ కౌంటీలో ఒక రైతు అడవి అంచున నా మంచె ఉంది. 16 అడుగుల ఇనుప నిచ్చెన, పైన ఒక్కరు కూర్చునే సీటు, మొత్తాన్ని పట్టీలతో ఓక్ చెట్టుకు బిగించి పెట్టింది. ఎత్తు మీదుంటే మన వాసన, కదలిక జింకకు తొందరగా అందవు. అంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది. గుండు పైనుంచి కిందికి పోయి నేలలో దిగుతుంది, గురి తప్పినా పక్క పొలంలోకి పోయే ప్రమాదం తగ్గుతుంది.

ఆ ఎత్తుకు కట్టే మూల్యం కింద పడే ప్రమాదం. నేను 2016లో మొదలుపెట్టినప్పుడు మంచె డబ్బాలోనే ఒక హార్నెస్ ఉచితంగా వచ్చింది. సన్నటి పట్టీల చిక్కుముడి అది. చీకట్లో ఏది కాలికో ఏది భుజానికో తెలిసేది కాదు. రెండు సీజన్లు దాంతోనే నడిపాను, అదీ సీట్లో కూర్చున్నాక చెట్టుకు తగిలించుకునేవాణ్ని. అంటే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, నిచ్చెన మీంచి సీట్లోకి మారేటప్పుడు నాకు ఏ ఆధారమూ లేదు. మంచెల మీంచి పడేవాళ్లలో ఎక్కువమంది పడేది సరిగ్గా అప్పుడే. ఆ సంగతి తెలిశాకే లైఫ్‌లైన్ కొన్నాను.

ఇది పనిచేసే తీరు చాలా సులువు. లావు తాడు చెట్టు వెంబడి వేలాడుతుంది. దాని చుట్టూ సన్న తాడు ఉచ్చును మూడు చుట్లు తిప్పి ముడి వేస్తారు. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రుసిక్ పేరు మీద దాన్ని ప్రుసిక్ ముడి అంటారు. బరువు పడనంతసేపు చేత్తో పైకి, కిందికి జరుపుకోవచ్చు. బరువు పడగానే లావు తాడును పట్టేస్తుంది. నా వీపు మీద రెండు భుజాల మధ్య ఉన్న పట్టీని కారాబినర్ అనే మూసుకునే లోహపు కొక్కెంతో ఆ ముడికి తగిలిస్తాను. నేల మీద నిలబడే తగిలించుకుంటాను, మళ్లీ నేల మీదికి వచ్చాకే విప్పుతాను. మధ్యలో ఒక్క క్షణం కూడా చెట్టుతో తెగతెంపులుండవు.

2019 డిసెంబరులో అది నా బరువు మోసింది. ఆ ఏడాదే రైఫిల్ సీజన్ ప్రారంభం సోమవారం నుంచి శనివారానికి మార్చారు, ఆఫీసుకు సెలవు పెట్టాల్సిన పని తప్పిందని సంతోషపడ్డాను. సీజన్ రెండో వారంలో ఒక సాయంత్రం మంచె దిగుతున్నాను. మధ్యాహ్నం పడ్డ తుంపర చలికి నిచ్చెన మెట్ల మీద పలచని మంచు పొరైంది. పై నుంచి మూడో మెట్టు మీద కుడి బూటు జారింది. ఎడమ చేయి పట్టు వదిలింది, చేతి తొడుగు మాత్రం ఇనుముకు అంటుకుని అక్కడే ఉండిపోయింది. అరడుగు కూడా పడలేదు. వెనకనుంచి ఎవరో కాలరు పట్టుకుని ఆపినట్టయింది. తొడల దగ్గర పట్టీలు ఒరుసుకున్నాయి, మోచేయి నిచ్చెనకు కొట్టుకుంది. కాలు మళ్లీ మెట్టు మీద పెట్టడానికి పది సెకన్లు పట్టి ఉంటుంది. కింద చూస్తే పోయినేడాది కోసిన మొద్దు చివర పైకి పొడుచుకుని ఉంది. దాని సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. మర్నాడే వెళ్లి దాన్ని నేల మట్టానికి కోయించాను.

అరడుగు కూడా పడకపోవడానికి కారణం ముడి తలకన్నా పైన ఉండటమే. కొందరు ఎక్కుతూ ముడిని పైకి జరపడం మర్చిపోతారు, అది నడుము దగ్గరే ఉండిపోతుంది. అప్పుడు పడితే ముందు వదులంతా కిందికి జారి, ఆ తర్వాత ఒక్క కుదుపుతో ఆగుతారు. ఒక్కో మెట్టుకూ ముడిని తల పైకి జరుపుకోవాలి. సీట్లో కూర్చున్నాక కూడా వీపు పట్టీ బిగుతుగా ఉండాలి, వదులు కనిపించకూడదు.

ఇక హార్నెస్. కోటు తరహా ఎందుకంటే, పట్టీలన్నీ గుడ్డకు కుట్టేసి ఉంటాయి, తెల్లవారుజామున నాలుగున్నరకు కారు డిక్కీ లైటు వెలుతురులో కూడా తప్పు లేకుండా తొడుక్కోవచ్చు. ఛాతీకి ఒక బకిల్, తొడలకు రెండు, అంతే. లోపం లేకపోలేదు. అక్టోబరు మొదట్లో ఎండకు ఇది ఉక్కపోత, అందుకని ఆర్చరీ (విల్లంబుల) సీజన్ మొదటి వారాలకు పలచని రకం ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కొనేటప్పుడు షాపులో టీషర్టు మీద వేసుకుని చూడొద్దు. డిసెంబరు కోటు వెంట తీసుకెళ్లి దాని మీద వేసుకుని, మోకాళ్లు ముడిచి కూర్చుని చూడండి. నేను మొదట కొన్న సైజు కోటు మీద ఛాతీ దగ్గర అందలేదు, మార్చుకోవాల్సి వచ్చింది. మీరు వేసుకునే నారింజ రంగు జాకెట్ కూడా హార్నెస్‌తో కప్పబడిపోకూడదు. రైఫిల్ సీజన్‌లో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల నారింజ అన్ని వైపులా కనపడాలని ఇక్కడి నియమం.

ఇంకో ఇబ్బంది చప్పుడు. లోహపు బకిళ్లు ఒకదానికొకటి తగిలినా, కారాబినర్ నిచ్చెనకు తగిలినా ఆ టంగుమన్న శబ్దం చలి గాలిలో చాలా దూరం పోతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి బకిల్‌కు తొడిగాను, దాంతో సమస్య తీరింది. కారాబినర్ గేటు దగ్గర మాత్రం ఏమీ చుట్టొద్దు, అది పూర్తిగా మూసుకోవాలి.

తాడు మీద నా ఫిర్యాదు చలి గురించి. తడిసిన తాడు రాత్రి గడ్డకట్టిపోతే ముడి జరగనని మొండికేస్తుంది. ముడి వెనకున్న అడ్డ పోగును బొటనవేలితో నొక్కితే వదులవుతుంది, దానికి తొడుగు తీయాలి, వేళ్లు జివ్వుమంటాయి. ఆ రెండు నిమిషాలు విసుగనుకుని ముడి విప్పేసి ఎక్కకండి. పొడవు విషయంలోనూ ఒక లెక్కుంది. 20 అంగుళాల మందం చెట్టుకు పై చుట్టుకే ఐదడుగులకు పైగా తాడు పోతుంది. నా 16 అడుగుల మంచెకు 30 అడుగులు సరిపోయాయి. 20 అడుగుల మంచె, లావు చెట్టు అయితే కొనేముందు కొలుచుకోండి.

మొట్టమొదటిసారి తాడును పైన కట్టడానికి ఎక్కడం ఎలా అని అందరూ అడుగుతారు. అప్పుడు నడుము చుట్టూ, చెట్టు చుట్టూ తిరిగే లైన్‌మ్యాన్ బెల్టు వాడాలి. దాన్ని వీడియో కాల్‌లో చూసి మా అమ్మ, "గౌడన్నల మోకు లెక్కనే ఉన్నది గద బిడ్డా" అంది. నిజంగా అదే. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు మోకు మీద బరువు వేసి పాదాలు జరుపుకునే తీరులోనే ఇక్కడా ఎక్కుతాం. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టిందన్న వార్త చదివినప్పుడు నా మనసు నిండిపోయింది. నేను సరదా కోసం ఏడాదికి పదిహేనుసార్లు ఎక్కుతాను, వాళ్లు బతుకుతెరువు కోసం రోజూ ఎక్కుతారు. ఊళ్లో చెట్టు మీంచి పడి మంచానికి పరిమితమైన మనుషుల్ని చూస్తూ పెరిగినవాణ్ని నేను.

చెట్టు ఎంపికలో ఒక హెచ్చరిక. యాష్ చెట్టుకు మంచె కట్టొద్దు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు పెన్సిల్వేనియాలో ఆ చెట్లను తినేస్తూ వచ్చింది. నిలువుగా గట్టిగానే కనపడతాయి, లోపల పెళుసు. నా ఓటు బతికున్న ఓక్‌కు. షాగ్‌బార్క్ హికరీ బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంటుంది, పట్టీ స్థిరంగా ఉండదు. పట్టీలను ఏటా వదులు చేసి మళ్లీ బిగించాలి, చెట్టు లావెక్కే కొద్దీ అవి బెరడులో దిగబడి తెగుతాయి. వేటకు తెరిచి ఉంచే ప్రభుత్వ గేమ్ ల్యాండ్స్‌లో అయితే చెట్టుకు మేకు కొట్టకూడదు, మంచె మీద మీ గుర్తింపు ఉండాలి, మొదటి జింక సీజన్‌కు రెండు వారాల కన్నా ముందు పెట్టకూడదు, చివరిది అయిపోయాక రెండు వారాల్లో తీసేయాలి.

ఇవన్నీ చేసినా పడి వేలాడే పరిస్థితి రావచ్చు. కాళ్లకు ఆనుడు లేకుండా హార్నెస్‌లో వేలాడితే తొడ పట్టీలు రక్తాన్ని అడ్డుకుంటాయి, నిమిషాల్లోనే మనిషి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. హార్నెస్‌తో పాటు ఒక పాదం ఉచ్చు వస్తుంది. అందులో కాలు పెట్టి లేచి నిలబడాలి. దాన్ని ప్యాకెట్లోంచి తీయనివాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆగస్టులో నేల నుంచి ఒక అడుగు ఎత్తులో, పక్కన మనిషిని పెట్టుకుని, వేలాడి చూడండి. ఉచ్చు ఏ జేబులో ఉందో చేతికి అలవాటవ్వాలి. ఫోన్ సంచిలో కాదు, ఛాతీ జేబులో ఉండాలి. సంచి కొక్కేనికి వేలాడుతుంది, మీరు దాని కింద ఉంటారు. తుపాకీని వీపున వేసుకుని ఎక్కొద్దు. ఖాళీ చేసి, గొట్టం కిందికి ఉండేలా తాడుకు కట్టి, పైకెళ్లాక లాక్కోండి.

జింకను కొట్టాక వెంటనే దిగొద్దని పాతవాళ్లు చెప్తారు. అరగంట ఆగితే గాయపడ్డ జింక దగ్గర్లోనే పడుకుంటుంది, తరిమితే దూరం పోతుంది. ఆ అరగంట మనకీ మంచిదే. గుండె దడదడలాడుతూ, చేతులు వణుకుతూ ఉండగా నిచ్చెన దిగితే కాలు తప్పుతుంది. నేను మొబైల్‌లో టైమర్ పెట్టుకుంటాను. ఏడాదికి ఒక జింక మా ఇంటికి, ఇంకోటి దొరికితే హంటర్స్ షేరింగ్ ది హార్వెస్ట్ అనే సంస్థ ద్వారా ఫుడ్ బ్యాంకుకు పోతుంది. 1991 నుంచి ఆ పని చేస్తున్నారు వాళ్లు. కొవ్వు, పైన తెల్లపొర పూర్తిగా తీసేసి గోంగూరతో వండితే మా ఇంట్లో మేకమాంసం ఊసెత్తరు.

నాకు వేట నేర్పిన పెద్దాయన యాభై ఏళ్లు ఏ తాడూ లేకుండా ఎక్కినవాడు. నా జారుడు కథ విని ఏమీ అనలేదు. మరుసటి సెప్టెంబరులో తనే ఫోన్ చేసి, "ఆ ముడి ఎలా వేస్తావో ఒకసారి వచ్చి చూపించు" అన్నాడు. ఆయన చెట్టుకు తాడు కట్టాం. మందపాటి వేళ్లతో ముడిని పైకి, కిందికి జరుపుతూ పావుగంట సేపు అక్కడే నిలబడ్డాడు.

ఖర్చు: నేను కొన్నప్పుడు హార్నెస్‌కు వంద డాలర్లు దాటింది, తాడుకు నలభై దాకా. తయారీ తేదీ నుంచి ఐదేళ్లకు హార్నెస్ మార్చేయాలని చీటీ మీదే రాసి ఉంటుంది. ఎండకు నైలాన్ బలహీనపడుతుంది, కంటికి కనిపించదు. 2023లో పాతదాన్ని ఇంకెవరూ వాడకుండా పట్టీలు కోసి పారేశాను. తాడును మాత్రం 2021లోనే మార్చాల్సి వచ్చింది. ఆ ముందటి శీతాకాలం విప్పడానికి బద్ధకించి చెట్టు మీదే వదిలేశాను, వసంతంలో చూస్తే ఎలుక కొరికేసింది. బరువు పడి ఆపిన తాడును కూడా మార్చేయాలి. 2019లోనే ఆ పని చేసి ఉండాల్సింది, ముడి ఉచ్చును మాత్రమే మార్చి ఊరుకున్నాను, అది నా తప్పు. ఇప్పుడు ప్రతి జనవరిలో తాడు విప్పి, చేతి తొడుగు లేకుండా మొత్తం పొడవూ వేళ్ల మధ్య లాగి చూసి, మూత ఉన్న డబ్బాలో పెడతాను. ఇప్పటి హార్నెస్ చీటీ మీద 2023 అని ఉంది. 2028 వేసవికి ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను.