అదనపు పదం పట్టాలంటే: జాబితా బట్టీ పట్టాలా, పదం తీసి చూడాలా?

హనుమకొండలో ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్), బ్యాంకు ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఇంగ్లిష్ వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల కోసం, ఒకే అర్థం రెండుసార్లు వచ్చే 'రిపీట్ అగైన్', 'రిటర్న్ బ్యాక్' లాంటి జంటలు వందా నూటయాభై బట్టీ పడితే సరిపోతుందా?

జాబితాతో వేగం వస్తుంది. ఎస్సెస్సీ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్ మొదటి దశ (టైర్-1)లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు, కాబట్టి వేగానికి విలువుంది. చిక్కేమిటంటే, ఆ రెండు పదాలు పేపర్లో పక్కపక్కనే ఉండవు. 'ది రీజన్ ది ట్రైన్ స్టాప్డ్ ఎట్ కాజీపేట వాజ్ బికాజ్ ది సిగ్నల్ ఫెయిల్డ్' చూడండి. 'రీజన్'కూ 'బికాజ్'కూ మధ్య 6 పదాలున్నాయి. కారణం రెండుసార్లు చెప్పినట్టయింది. 'బికాజ్' తీసి 'దట్' పెట్టాలి. జాబితా చదివిన కన్ను దీన్ని దాటిపోతుంది.

అందుకే పదం తీసి చూడడమే మేలు. మన దగ్గర 'మళ్ల వాపస్ వచ్చిండు' అంటాం, ఎవరికీ తప్పనిపించదు. ఆ అలవాటుతోనే 'రిటర్న్ బ్యాక్' కూడా ఒప్పుగా వినిపిస్తుంది. 'రిటర్న్'లోనే వాపస్ ఉంది. 'బ్యాక్' తీసినా అర్థం చెక్కుచెదరదు, కాబట్టి అది అదనం. 'గివ్ బ్యాక్'లో తీస్తే ఉత్త ఇవ్వడమే మిగులుతుంది, వాపస్ సంగతి పోతుంది. అక్కడ ఉంచాల్సిందే. 'బ్యాక్' కనబడగానే కొట్టేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

పొట్టిపేర్లను విప్పి చదవండి. ఏటీఎంలో చివరి 'ఎం' అంటేనే మెషిన్, పిన్‌లో చివరి 'ఎన్' అంటేనే నంబర్. కాబట్టి 'ఏటీఎం మెషిన్', 'పిన్ నంబర్' రెండూ అదనమే.

ఈ పద్ధతికీ లొసుగుంది. 'కజిన్ బ్రదర్'లో 'బ్రదర్' తీస్తే మగవాడన్న సంగతి పోతుంది, అయినా పరీక్షలో 'కజిన్' ఒక్కటే ఒప్పు. పెద్దనాన్న కొడుక్కీ మేనత్త కొడుక్కీ మనకు వేరువేరు వరసలు కాబట్టి ఆ ఒక్క మాట చాలదనిపిస్తుంది. 'సిట్ డౌన్', 'ఫాల్ డౌన్'లలో 'డౌన్' తీసినా అర్థం నిలుస్తుంది, కానీ అవి స్థిరపడ్డ వాడుకలు, తప్పులు కావు. జాబితా అవసరం ఇలాంటివాటికే; ఓ ఇరవై రాసుకుంటే చాలు.

ఫోన్‌లో గ్రామర్ యాప్ ఇంటి దగ్గర సరిచూసుకోవడానికే, పరీక్ష హాల్లో ఉండదు.

తీసి చూశాక అర్థం మారితే ఆ పదం జోలికి పోకండి. బాగున్న 'కమ్ బ్యాక్'ను తప్పని గుర్తిస్తే రావాల్సిన 2 మార్కులు పోగా ఇంకో 0.50 కోత పడుతుంది.