నర్సాపురం శనివారం బైబిల్ స్టడీ: అడిగిన ప్రశ్నకి సమాధానం దొరికే చోటు

నర్సాపురంలో ఒక సంఘంవాళ్ళు శనివారం సాయంత్రాలు నడుపుతున్న బైబిల్ స్టడీ ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు. ఒక బ్యాచ్ పూర్తిగా కూర్చున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. వెళ్ళొచ్చా అంటే, తప్పకుండా వెళ్ళండి. ముఖ్యంగా పుట్టుకతో క్రైస్తవులై, సండే స్కూల్లో కంఠత వాక్యాలు గడగడా అప్పజెప్పి, ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా "మీకు ముగ్గురు దేవుళ్ళా?" అని అడిగితే నోరు పెగలనివాళ్ళు వెళ్ళాలి.

మన డెల్టాకి సువార్త కొత్తేం కాదు. 1836లో ఇండియాకి వచ్చిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ నర్సాపురం కేంద్రంగా పనిచేసిన దగ్గర్నుంచి ఇక్కడ వాక్యం వినబడుతూనే ఉంది. ఊరూరా పందిళ్ళు, మైకులు, ఉజ్జీవ సభలు. పాటలకి, సాక్ష్యాలకి లోటు లేదు, అసలు ఎందుకు నమ్ముతున్నామో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళే కరువు. ఇంతకుముందు వేరే ఊళ్ళో ఒక క్లాసుకి వెళ్తే, ప్రశ్న అడిగిన కుర్రాడికి "నీకు విశ్వాసం తక్కువ" అని చెప్పి కూర్చోబెట్టేశారు. బెరయ అనే ఊరివాళ్ళు అపొస్తలుడైన పౌలు చెప్పింది కూడా నిజమా కాదా అని రోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్నారు, అపొస్తలుల కార్యాలు 17లో ఆ పుస్తకం రాసిన లూకా వాళ్ళని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు మన పిల్లలకి ఎందుకు దక్కకూడదు?

ఇక్కడ చెప్పేది పాస్టరుగారు కాదు, రిటైరైన హైస్కూలు మాస్టారు. ముందు పాఠం, తర్వాత ప్రశ్నలు. నోరు తెరిచి అడగలేనివాళ్ళు చీటీ రాసి స్టీలు డబ్బాలో వేస్తే ఆయన అందరి ముందూ చదివి, ఎవరు రాశారని అడక్కుండా జవాబు చెప్తారు. ఒకటే షరతు: ఒక్క వచనం పట్టుకుని వాదించకూడదు, ఆ అధ్యాయమంతా చదవాలి. చెప్పేటప్పుడు ఇతరుల దేవుళ్ళని వెక్కిరిస్తే అక్కడే ఆపేస్తారు. సాత్వికంతో సమాధానం చెప్పమని 1 పేతురు 3:15లో ఉంది, ఆ మాట పాటించకుండా మిగతాది బోధించి ఏం లాభం అంటారాయన. నాకు చాలా నచ్చిన విషయం ఇది. అంతర్వేది తీర్థం నుంచి పక్కింటివాళ్ళు తెచ్చిన ప్రసాదం తినొచ్చా అని ఒక చీటీలో వస్తే, విగ్రహాలకి అర్పించినవాటి గురించి చెప్పే 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు రెండూ చదివించి, వద్దనుకున్నా వాళ్ళ మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలో కూడా మాట్లాడారు.

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న త్రిత్వం పాఠం రోజు డిగ్రీ చదివే అబ్బాయి లేచి, "తండ్రి నాకంటే గొప్పవాడని యేసే అన్నాడు కదండీ, యోహాను 14:28లో" అన్నాడు. మాస్టారు ఉపన్యాసం ఇవ్వలేదు. వాక్యం దేవుడై ఉండెనని చెప్పే యోహాను 1 తీయమన్నారు, తర్వాత 20లో తోమా "నా ప్రభువా, నా దేవా" అన్న చోటు, ఆ తర్వాత ఫిలిప్పీ 2. తనను తాను తగ్గించుకుని దాసుడి రూపంలో వచ్చినవాడు తండ్రి గొప్పవాడని చెప్పడం ఆ తగ్గింపులో భాగమే, దైవత్వం తక్కువని కాదు అని అక్కడికి తీసుకొచ్చారు. 325లో సంఘ పెద్దలు కూడిన నికేయ సభలో ఓట్లేసి యేసుని దేవుణ్ణి చేశారని వాట్సాప్‌లో తిరిగే మాట కూడా తేల్చేశారు. ఆ సభకి రెండు వందల ఏళ్ళకు పైగా ముందే యోహాను సువార్త ఉంది. సభ తేల్చింది, కుమారుడు సృష్టించబడ్డాడన్న ఏరియస్ అనే బోధకుడి మాట తప్పని.

యేసు చనిపోయి తిరిగి లేచాడన్న పునరుత్థానం పాఠం ఇంకా బాగుంది. లేసు అల్లే ఒక అమ్మ, "ప్రాణాలిచ్చారు కాబట్టి శిష్యులు చెప్పింది నిజం అంటారు, ప్రాణాలిచ్చినవాళ్ళు అన్ని మతాల్లో ఉన్నారు కదండీ మాస్టారూ?" అని అడిగారు. హాలంతా ఆయన వైపే చూసింది. "అవునమ్మా. ప్రాణమిస్తే మనస్ఫూర్తిగా నమ్మారని తేలుతుంది, నమ్మింది నిజమని తేలదు. కానీ వీళ్ళు ఎవరో చెప్తే విన్నదాని కోసం కాదు, మేమే చూశాం అన్నదాని కోసం నిలబడ్డారు" అని 1 కొరింథీ 15 తీయించారు. సిలువ జరిగిన సుమారు పాతికేళ్ళకే రాసిన పత్రిక అది. అయిదు వందల మందికి పైగా చూశారు, ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అని పౌలు రాశాడంటే వెళ్ళి అడగండని చెప్పినట్టే. ఆ వరుసలో యేసు తమ్ముడు యాకోబు పేరుంది. యేసు తమ్ముళ్ళు ఆయన్ని నమ్మలేదని యోహాను 7:5 చెప్తుంది, అదే యాకోబు తర్వాత యెరూషలేము సంఘ పెద్ద అయ్యాడు. ఆయన్ని రాళ్ళతో కొట్టించడం గురించి క్రైస్తవుడు కాని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. నమ్మని తమ్ముణ్ణి అంతగా మార్చింది ఏమిటి?

మార్కు 16లో చివరి పన్నెండు వచనాలు సైనాటికస్, వాటికానస్ అనే పాత ప్రతుల్లో లేవని కూడా మాస్టారే చెప్పారు. కొందరు పెద్దవాళ్ళకి కష్టమనిపించింది. ఖాళీ సమాధి మొదటి ఎనిమిది వచనాల్లోనే ఉందని ఆయన చూపించాక సర్దుకున్నారు. ఇలాంటివి మన పిల్లలు యూట్యూబ్‌లో వినకముందే మన దగ్గర వినాలి.

లోపాలూ ఉన్నాయి. పాత నిబంధన యుద్ధాల్ని ఒక్క సాయంత్రంలో లాగించేశారు, ఇశ్రాయేలీయులు కనాను దేశంలో చేసిన యుద్ధాల గురించి వచ్చిన చీటీలు సగం అలాగే మిగిలిపోయాయి. బాధ ఎందుకన్న పాఠంలో, నీతిమంతుడై ఉండి కూడా అన్నీ పోగొట్టుకున్న యోబు గ్రంథం హడావుడిగా నడిచింది. రొయ్యల చెరువు పోయి అప్పుల్లో ఉన్నవాళ్ళు, వరదల్లో ఇల్లు మునిగినవాళ్ళు కూర్చున్న చోట దానికి కనీసం మూడు వారాలు ఇవ్వాలి. ఇచ్చే జిరాక్సు కాగితాల్లో రిఫరెన్సులు మసకగా ఉంటాయి, పెద్దవాళ్ళకి కనబడవు.

ఫీజు లేదు, జిరాక్సు డబ్బులు చాలు, టీ వాళ్ళే ఇస్తారు. ఫోన్లో కాకుండా పుస్తకం బైబిలే తెచ్చుకోండి, అధ్యాయాలు తిప్పడం ఎక్కువ. సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళు చివరి పంటు ఎన్నింటికో రేవులో ముందే కనుక్కోండి, ప్రశ్నల మధ్యలో లేచి వెళ్ళిపోతే అసలైనది పోగొట్టుకుంటారు.