కోర్టుకెక్కడమా, గడువు దాకా ఆగడమా, చివరి బౌట్ దాకా ఆడేయడమా: ప్రమోటర్‌తో పేచీ వస్తే ఫైటర్‌కి ఏది మేలు?

మా పిన్ని కొడుక్కి ఇరవై రెండేళ్లు. పగలు కొరియర్ ఆఫీసులో పని, సాయంత్రం కూకట్‌పల్లిలో ఒక జిమ్‌లో ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన పోరు) ప్రాక్టీసు. అమెచ్యూర్ బౌట్లు నాలుగు ఆడి మూడు గెలిచాడు. ఎంఎంఏలో అన్నిటికన్నా పెద్ద కంపెనీ యూఎఫ్‌సీ. అమెరికాలో శనివారం రాత్రి జరిగే దాని షో మనకి ఆదివారం టిఫిన్ వేళకి వస్తుంది. అది చూడ్డానికి మొన్న మా ఇంటికొచ్చి, సంచిలోంచి ఆరు పేజీల కాగితాలు తీసి ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టాడు. ఒక ప్రమోటర్, అంటే బౌట్లు పెట్టించే సంస్థ, ఇచ్చిన కాంట్రాక్ట్. "అన్నా, సంతకం పెట్టెయ్యనా?"

కాగితాలన్నిట్లో వాడు పెన్సిల్‌తో గీత గీసుకున్నది ఒక్క చోటే, బౌట్‌కి ఎంత ఇస్తారో రాసిన లైను కింద. మూడో పేజీలో, గాయం వల్ల ఆడలేకపోయిన రోజులన్నీ గడువుకి కలుస్తాయని ఉంది. ఆరో పేజీలో, గడువు ముగిశాక కూడా ఏడాదిపాటు వేరే ప్రమోటర్ ఎవరైనా ఆఫర్ ఇస్తే, అవే షరతులకి వాణ్ణి తమ దగ్గరే ఉంచుకునే హక్కు తమకుంటుందని ఉంది. దీన్నే మ్యాచింగ్ క్లాజ్ అంటారు. ఆ రెండు చోట్లా వాడి పెన్సిల్ ఆగలేదు.

సంతకం పెట్టడం నిమిషం పని. రేపు పడకపోతే ఎలా బయటపడతాడన్నదే నా టెన్షన్. ఈ ఆటలో అలా ఇరుక్కున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు పట్టిన దారులు ప్రధానంగా మూడు. కోర్టుకెళ్లారు, గడువు తీరేదాకా కూర్చున్నారు, లేదా మిగిలిన బౌట్లు ఆడేసి చేతులు దులుపుకున్నారు.

కోర్టు దారికి నాకు గుర్తొచ్చే పేరు ఎడ్డీ ఆల్వారెజ్. ఫిలడెల్ఫియా కుర్రాడు, లైట్‌వెయిట్, అప్పట్లో యూఎఫ్‌సీకి పోటీగా ఉన్న బెల్లాటర్ అనే కంపెనీలో మాజీ ఛాంపియన్. 2012 అక్టోబర్‌లో బెల్లాటర్‌తో ఉన్న ఒప్పందంలో చివరి ఫైట్ ఆడి, నాకౌట్‌తో గెలిచాడు. అప్పటికి వయసు 28. ఫైటర్‌కి అంతకన్నా మంచి కాలం ఉండదు. యూఎఫ్‌సీ పిలిచింది. సంతకానికి రెండున్నర లక్షల డాలర్లు, బౌట్ ఆడితే 70 వేలు, గెలిస్తే ఇంకో 70 వేలు, పైగా పే-పర్-వ్యూ (ఒక్కో షో చూడ్డానికి జనం విడిగా డబ్బు కట్టే పద్ధతి) అమ్మకాల్లో వాటా. బెల్లాటర్ దగ్గర మ్యాచింగ్ హక్కుంది. వాళ్లేం చేశారంటే, యూఎఫ్‌సీ పంపిన కాంట్రాక్ట్‌నే తీసుకుని, అందులో కంపెనీ పేరు మార్చి, సంతకం పెట్టి తిరిగి పంపేశారు. మ్యాచ్ చేసేశాం, ఇక నువ్వు మావాడివే అన్నారు.

గొడవంతా ఇక్కడే. కాగితం మీద అంకెలు ఒకటే. కానీ పే-పర్-వ్యూ వాటా అని యూఎఫ్‌సీ రాస్తే దానికి విలువుండేది, ఎందుకంటే అప్పట్లో వాళ్లు ఏడాది పొడవునా పే-పర్-వ్యూలు అమ్మేవాళ్లు. బెల్లాటర్ అప్పటిదాకా ఒక్కటి కూడా అమ్మలేదు. టీవీ సంగతీ అంతే. అటు ఫాక్స్ లాంటి పెద్ద నెట్‌వర్క్, ఇటు స్పైక్ అనే కేబుల్ ఛానల్. బిర్యానీలో వాటా ఇస్తామని హోటల్‌వాడు చెప్పడం వేరు, పొయ్యే లేనివాడు చెప్పడం వేరు. ఆల్వారెజ్ వాదన ఇదే. 2013 జనవరిలో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టులో కేసు నడిచింది. యూఎఫ్‌సీలో ఆడనివ్వమని అడిగిన మధ్యంతర ఉత్తర్వుని జడ్జి ఇవ్వలేదు.

ఆ క్షణంలోనే, నా లెక్కలో, కేసు అయిపోయింది. విచారణ ఇంకా మిగిలే ఉంది, ఆల్వారెజ్ గెలిచినా గెలవొచ్చు. కానీ విచారణ అంటే నెలలు, ఏళ్లు. కంపెనీకి ఏడాది అంటే లాయర్ ఫీజుల్లో ఒక అంకె. ఫైటర్‌కి ఏడాది అంటే కాళ్లలో వేగం. కోర్టు గుమ్మం ఎక్కితే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు, ఓడినవాడు అక్కడే ఏడుస్తాడని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆల్వారెజ్‌కి తీర్పు దాకా కూడా వెళ్లే ఓపిక లేకపోయింది. 2013 ఆగస్టులో రాజీ పడి బెల్లాటర్‌కే తిరిగొచ్చాడు. నవంబర్ 2న మైకేల్ చాండ్లర్‌తో ఆడి స్ప్లిట్ డెసిషన్‌తో (ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఇటు, ఒకరు అటు) ఛాంపియన్ బెల్ట్ గెలిచాడు. రెండు ఫైట్ల మధ్య ఖాళీ దాదాపు 13 నెలలు. కనీసం ఒకటి రెండు ఫైట్ల డబ్బు ఆ ఖాళీలో పోయింది.

ఆయన కథలో నన్ను ఆకట్టుకునేది తర్వాతి భాగం. 2014 జూన్‌లో బెల్లాటర్ యాజమాన్యం అప్పటిదాకా కంపెనీని నడిపిన బ్యోర్న్ రెబ్నీని తప్పించి స్కాట్ కోకర్‌ని కూర్చోబెట్టింది. ఆగస్టుకల్లా ఆల్వారెజ్‌ని వదిలేశారు. రెండేళ్లుగా ఏ జడ్జీ ఇవ్వని విడుదల, కుర్చీలో మనిషి మారగానే వచ్చేసింది. యూఎఫ్‌సీలోకి వెళ్లి 2016 జూలైలో రఫాయెల్ దోస్ అంజోస్‌ని ఓడించి అక్కడా ఛాంపియన్ అయ్యాడు, అదే నవంబర్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కోనర్ మెక్‌గ్రెగర్ చేతిలో బెల్ట్ పోగొట్టుకున్నాడు. చివరికి కథ సుఖాంతమే అయింది కాబట్టి కోర్టు దారి మంచిదే అనేవాళ్లున్నారు. కోర్టు ఆయనకి ఏమిచ్చిందో మాత్రం నాకు కనపడదు.

రెండో దారికి ఫ్రాన్సిస్ ఎన్‌గానూ. కామెరూన్‌లో చిన్నప్పుడే ఇసుక క్వారీలో పనిచేసినవాడు, పారిస్ చేరి మొదట్లో రోడ్డు మీద పడుకున్నవాడు. 2021 మార్చిలో స్టీపే మియోచిచ్‌ని నాకౌట్ చేసి యూఎఫ్‌సీ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 2022 జనవరిలో సిరిల్ గాన్‌తో మోకాలి లిగమెంట్ తెగి ఉండగానే ఆడి గెలిచాడు. ఆ రాత్రికి ప్రకటించిన పర్స్, అంటే ఫైట్ ఫీజు, ఆరు లక్షల డాలర్లు. సామాన్యులకి పెద్ద మొత్తమే గానీ, అదే బరువులో బాక్సింగ్ ఛాంపియన్లు తీసుకునేదాని పక్కన చిల్లర. కొత్త ఒప్పందానికి ఆయన పెట్టిన షరతులు బాక్సింగ్ ఆడే స్వేచ్ఛ, ఆరోగ్య బీమా, నిక్కరు మీద సొంత స్పాన్సర్లు. కంపెనీ ఒప్పుకోలేదు.

ఆయన కేసు వేయలేదు, గడువు తీరేదాకా కూర్చున్నాడు. ఐదేళ్ల పరిమితి ఉన్న ఆ ఒప్పందం 2022 డిసెంబర్‌తో ముగిసింది. 2023 జనవరిలో యూఎఫ్‌సీ ఆయన్ని వదిలేస్తూ, మ్యాచింగ్ హక్కు కూడా వదులుకుంటున్నామని ప్రకటించింది. మేలో పీఎఫ్‌ఎల్ అనే ఇంకో ఎంఎంఏ కంపెనీతో ఒప్పందం, అక్టోబర్ 28న రియాద్‌లో హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ టైసన్ ఫ్యూరీతో బాక్సింగ్. మూడో రౌండ్‌లో ఫ్యూరీని కింద పడేశాడు, స్ప్లిట్ డెసిషన్‌లో ఓడాడు. యూఎఫ్‌సీలో అన్నేళ్లూ సంపాదించినదాని కంటే ఆ ఒక్క రాత్రి ఎక్కువ వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు.

ఇది చూసి మా తమ్ముడిలాంటి కుర్రాళ్లు "ఎన్‌గానూలా కూర్చుంటా" అంటారు. ఒక్క విషయం మర్చిపోతారు. 2022లో ఆయన ఎలాగూ ఆడలేడు. మోకాలికి ఆపరేషన్ అయింది. గాన్ ఫైట్ జనవరిలో, ఆపరేషన్ మార్చిలో, గడువు డిసెంబర్‌లో. ఖాళీగా కూర్చున్న ఏడాదికి ఆయన పెట్టిన ఖర్చు దాదాపు సున్నా. అదృష్టమో తెలివో, ఆయన కాలం ఆయన చేతిలోనే ఉంది. పైగా ఆ ఐదేళ్ల పరిమితి ఆకాశంలోంచి ఊడిపడలేదు. 2014 డిసెంబర్‌లో కుంగ్ లీ, మరికొందరు ఫైటర్లు గుత్తాధిపత్యం మీద యూఎఫ్‌సీకి వ్యతిరేకంగా వేసిన కేసు తలమీద వేలాడుతుండగా వచ్చిన మార్పు అది. ముందున్న కాంట్రాక్ట్‌లు గాయమైతే పొడుగు, రిటైరైతే పొడుగు, ఛాంపియన్ అయితే ఇంకా పొడుగు. 2007లో అప్పటి యూఎఫ్‌సీ హెవీవెయిట్ ఛాంపియన్ రాండీ కూచూర్ రాజీనామా చేస్తున్నానన్నా కంపెనీ ఒప్పుకోక కోర్టుకెక్కింది. యూఎఫ్‌సీ బయట ఉన్న రష్యా మేటి ఫైటర్ ఫెడోర్‌తో ఆడాలన్న ఆయన కోరిక తీరనే లేదు. ఏడాది తిరక్కముందే, 45 ఏళ్ల వయసులో, తిరిగి అదే కంపెనీలో చేరి బ్రాక్ లెస్నర్ చేతిలో ఓడాడు.

ఆ కుంగ్ లీ కేసు సంగతి కూడా చెప్పాలి, అదొక నాలుగో దారి కాబట్టి. అందరూ కలిసి వేయడం. 37.5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరి, కోర్టు తుది ఆమోదం 2025లో వచ్చింది. పదేళ్లు పట్టింది. కేసు వేసినవాళ్లు అప్పటికి గ్లవ్స్ విప్పేశారు. వాళ్ల పోరాటం ఫలం ఎక్కువగా తర్వాతివాళ్లకి దక్కింది. ఈ దారిని తక్కువ చేయను గానీ, ఇరవై రెండేళ్లవాడు నా కెరీర్ ఏంటని అడిగితే చెప్పే జవాబు ఇది కాదు.

ఊరికే కూర్చుంటే ఏమవుతుందో యూఎఫ్‌సీ ఫైటర్ రోజర్ హుయెర్టా కథ చెబుతుంది. 2007లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ అనే అమెరికా మ్యాగజైన్ కవర్ మీద ఆయన బొమ్మ వచ్చింది, అప్పటికి 24 ఏళ్లు. జీతం విషయంలో కంపెనీతో చెడింది. ఒప్పందంలో ఒక ఫైట్ మిగిలుండగా సినిమా వేషాలకి వెళ్లాడు. 2008 ఆగస్టు నుంచి 2009 సెప్టెంబర్ దాకా కేజ్‌లోకి రాలేదు. తిరిగొచ్చి ఓడాడు, బెల్లాటర్‌కి వెళ్లాడు, అక్కడా పెద్దగా నిలబడలేదు. ఎన్‌గానూ కూర్చున్నదీ ఏడాదే, ఈయన కూర్చున్నదీ ఏడాదే. ఒకరి చేతిలో బెల్ట్ ఉంది, ఇంకొకరి చేతిలో పాత మ్యాగజైన్ ఉంది.

మూడో దారి చప్పుడు లేనిది. మిగిలిన ఫైట్లు ఆడేసి, కొత్త ఒప్పందం మీద మాత్రం సంతకం పెట్టకుండా బయటికి నడవడం. కెనడా కుర్రాడు రోరీ మెక్‌డొనాల్డ్ 2016లో యూఎఫ్‌సీలో ఇదే చేశాడు. వయసు 26. చివరి ఫైట్ ఒట్టావాలో స్టీఫెన్ థాంప్సన్‌తో, ఓడిపోయాడు. ఇక అయిపోయాడనుకున్నారు. రెండు నెలలకి బెల్లాటర్ తీసుకుంది, తర్వాత అక్కడ వెల్టర్‌వెయిట్ బెల్ట్ కూడా వచ్చింది. అదే ఏడాది ఆరంభంలో బెన్సన్ హెండర్సన్ కూడా చివరి ఫైట్ గెలిచి అలాగే వెళ్లిపోయాడు. ఈ దారిలో ప్రమాదం లేదని కాదు. ఒప్పందం చివర్లో ఉన్నవాడికి తేలికైన ప్రత్యర్థిని ఏ ప్రమోటరూ ఇవ్వడు. అయినా ఓడినవాడికి కూడా వేరే తలుపు తెరుచుకుంది చూడండి. కోర్టు మెట్లెక్కినవాడికి 13 నెలలు తలుపు కాదుగదా కిటికీ కూడా తెరుచుకోలేదు.

అందుకే ఎవరైనా కుర్రాడు అడిగితే నేను మూడోదే చెబుతాను. గాయమో ఆపరేషనో ఉండి ఎలాగూ ఆడలేని ఏడాది ఎదురైతేనే రెండోది. మొదటిది, డబ్బు ఎగ్గొట్టినప్పుడు తప్ప వద్దు.

ఒక్క తిరకాసు ఉంది. మన దేశంలో మొదటి దారి అమెరికాలో ఉన్నంత మూసుకుపోయి లేదు. ఆల్వారెజ్‌ని పట్టి ఉంచిన మ్యాచింగ్ క్లాజ్ లాంటిదే ఇక్కడ క్రికెటర్ జహీర్ ఖాన్‌కీ ఎదురైంది. 2000లో తన ప్రకటనల వ్యవహారాలు చూసే పర్సెప్ట్ డీమార్క్ అనే సంస్థతో మూడేళ్ల ఒప్పందం చేసుకున్నాడు. గడువు ముగిశాక వేరే ఏజెన్సీకి వెళ్లబోతే, వచ్చిన ఆఫర్‌ని ముందు మాకు చూపించాలి, అంతే ఇచ్చి నిన్ను ఉంచుకునే హక్కు మాది అని సంస్థ కోర్టుకెక్కింది. బొంబాయి హైకోర్టులో ఒక జడ్జి సంస్థ వైపు ఉత్తర్వు ఇచ్చారు, ఇద్దరు జడ్జీల బెంచ్ దాన్ని కొట్టేసింది, 2006లో సుప్రీంకోర్టు జహీర్ వైపే నిలబడింది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మనిషిని తన వృత్తి చేసుకోకుండా కట్టేసే షరతు గడువు దాటాక చెల్లదని చెప్పింది. గడువు లోపల మాత్రం వేరే కథ. నీ ఒప్పందం నడుస్తుండగా ఇంకోచోట ఆడతానంటే మన కోర్టులూ అడ్డుకోవచ్చు.

అంటే మా తమ్ముడి కాగితాల్లో నేను భయపడ్డ ఆరో పేజీ నిజానికి పిల్లి. మూడో పేజీ పులి. గాయమైన ప్రతి రోజూ గడువుకి కలిపేస్తుంటే ఆ గడువు ఎప్పటికి ముగియాలి, 27వ సెక్షన్ ఎప్పుడు కాపాడాలి? పైగా ఒప్పందం పది బౌట్లకి. ఏడాదికి రెండు ఇస్తే ఐదేళ్లు. వాడికి ఇరవై ఏడొస్తాయి.

పెన్సిల్ నేను తీసుకున్నాను. పది కొట్టేసి నాలుగు రాశాను. గాయం కింద కలిపేది ఆరు నెలలకి మించకూడదని పక్కన రాశాను. ఏడాదిలో రెండు బౌట్లయినా ఇవ్వకపోతే ఒప్పందం రద్దు అని ఇంకో లైను. ఆరో పేజీ ముట్టుకోలేదు. వాడికది అర్థం కాలేదు, "అదే కదన్నా అన్నిటికన్నా ఘోరం" అన్నాడు. బేరంలో వాళ్లకీ ఏదో ఒకటి మిగలాలి కదరా అన్నాను.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. పది ఆరయింది. గాయానికి ఆరు నెలల పరిమితి ఒప్పుకున్నారు. ఏడాదికి రెండు బౌట్ల మాట మాత్రం నోటితో చెప్పారట, కాగితం మీద పెట్టరట. వాట్సాప్‌లో అయినా ఆ మాట రాసి పంపమని అడగరా, అది వచ్చాకే పెన్ను పట్టుకో అన్నాను. సంతకమైన కాగితాలు ఆఫీసులోనే ఉంటాయని కూడా అన్నారట. ముందు జిరాక్స్ తీయించుకోమన్నాను, ప్రతి పేజీ మీద వాళ్ల సంతకంతో.