రాజమహేంద్రవరంలో పిత్తనాళ క్యాన్సర్ క్లినిక్, కీమో డే కేర్: మా అనుభవం, మా అంచనా

కాలేయానికో, పైత్యరసం పారే పిత్తనాళానికో క్యాన్సర్ వచ్చిందంటే మొన్నమొన్నటి దాకా కోనసీమ వాళ్ళు హైదరాబాదుకో విశాఖపట్నానికో బయలుదేరవలసి వచ్చేది. ఇప్పుడు రాజమహేంద్రవరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఈ జబ్బులకు విడిగా క్లినిక్, దానికి అనుబంధంగా, కీమో మందు ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే డే కేర్ నడుస్తున్నాయి. అమలాపురం పక్క పల్లెలో ఉండే మా మేనమామగారు పిత్తనాళ క్యాన్సర్‌కు అక్కడే చికిత్స పొందుతున్నారు, ఆయన వెంట వెళ్ళేది నేనే. మంచీ చెడూ రెండూ రాయదలచుకున్నాను కనుక ఆసుపత్రి పేరు చెప్పడం లేదు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, వైద్యం విషయంలో ఈ క్లినిక్ నిక్కచ్చిగా ఉంది, కానీ సాయంత్రం ఓపీ మూసేశాక మాత్రం రోగిని గాలికి వదిలేస్తోంది.

మామయ్యగారికి మొదట కళ్ళు పచ్చబడ్డాయి. మా వైపు కామెర్లు అనగానే ముందు గుర్తొచ్చేది పసరు మందే కాబట్టి ఆయనా పసరు పోయించుకుని, నూనె, ఉప్పు మానేసి పథ్యం చేశారు. క్లినిక్‌లో ఈ మాట చెప్పడానికి ఆయన జంకారు. డాక్టరుగారు కోప్పడలేదు సరికదా, పసరుకు అంత పేరు ఎందుకు వచ్చిందో ఓపికగా వివరించారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి, ఆ ఘనత పసరు ఖాతాలో పడుతుంది. పైత్యరసం పారే గొట్టానికి ఏదైనా అడ్డుపడితే వచ్చే కామెర్లు అలా తగ్గవు. ఒళ్ళంతా దురద పెట్టడం, మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులోకి మారడం, మలం సున్నం కలిపినట్టు తెల్లబడటం, మనిషి చిక్కిపోవడం ఆ రెండో రకానికి గుర్తులని, ఇవి కనిపించిన రోజే స్కానింగ్ తీయించాలని ఆయన చెప్పారు. ఈ నాలుగు గుర్తులనూ తెలుగులో రాసి ఓపీ గోడకు అంటించారు కూడా. గోదావరి జిల్లాల్లో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీదా ఆ కాగితం ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మామయ్యగారు అడిగిన రెండో ప్రశ్న చేపల గురించి. "డాక్టరు గారూ, జీవితమంతా గోదావరి చేపలే తిన్నానండీ, దానివల్లేనంటారా?" అని అడిగారు. ఆయన అడగడానికి కారణం లేకపోలేదు. థాయిలాండ్ ఈశాన్య ప్రాంతంలో, ముఖ్యంగా ఖోన్ కెన్ పరిసరాల్లో, ఈ క్యాన్సర్ ప్రపంచంలో మరెక్కడా లేనంతగా కనిపిస్తుంది. అక్కడ మంచినీటి చేపలను పచ్చిగా తినే అలవాటు ఉంది, ఆ చేపల్లోని ఒక రకం పురుగు పిత్తనాళంలో చేరి ఏళ్ళ తరబడి వాపు పుట్టిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే ఆ పురుగును క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. మనం పులసనైనా బొచ్చెనైనా పులుసులో బాగా ఉడికించి తింటాం కనుక ఆ భయం అక్కరలేదని డాక్టరుగారు చెప్పాక ఆయన మొహం తేటపడింది. తన తిండే తనకు ముప్పు తెచ్చిందన్న అపరాధభావం తొలగించడం కూడా వైద్యంలో భాగమేనని నా అభిప్రాయం, ఈ క్లినిక్ ఆ పని శ్రద్ధగా చేస్తోంది.

ఈఆర్‌సీపీ చేసి, అంటే నోటి ద్వారా ఎండోస్కోపు పంపి, అడ్డుపడిన పిత్తనాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్ అనే చిన్న గొట్టం వేశాక, కళ్ళను పచ్చబరిచే బిలిరుబిన్ రక్తంలో దిగేదాకా ఆగి, అప్పుడు కీమో మొదలుపెట్టారు. గడ్డ రక్తనాళాలను చుట్టుకుని ఉండటంతో ఆపరేషన్‌కు వీలు లేదని ముందే చెప్పారు. మందుల చీటీలో ఉన్నవి రెండే రెండు ఇంజెక్షన్లు, జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్. మొదటి రోజు ఒకసారి, ఎనిమిదో రోజు ఒకసారి ఎక్కించి, మూడో వారం విశ్రాంతి ఇస్తారు. ఈ రెండే ఎందుకు, ఈ లెక్క ఎక్కడిది అని నేను అడిగాను. చాలా చోట్ల ఇలాంటి ప్రశ్నకు "ప్రోటోకాల్ అంతేనండి" అన్న జవాబే వస్తుంది. ఈ డాక్టరుగారు కుర్చీ దగ్గరకు జరుపుకుని, ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో క్రిస్టీ క్యాన్సర్ ఆసుపత్రిలో పనిచేసిన హువాన్ వాలే అనే వైద్య శాస్త్రవేత్త గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఈ సమీక్ష రాయాలనిపించింది ఆ పది నిమిషాల వల్లే.

పిత్తనాళ క్యాన్సర్ అరుదైన జబ్బు. ఏ ఒక్క ఆసుపత్రికీ పరిశోధనకు సరిపడినంతమంది రోగులు రారు, అందుచేత చాలాకాలం ఏ మందు మేలో తేల్చి చెప్పే ఆధారమే లేకపోయింది. వాలే బృందం బ్రిటన్‌లోని 37 ఆసుపత్రులను ఒక్క తాటి మీదకు తెచ్చింది. తొలుత 86 మందితో చిన్న పరిశోధన చేసి, ఫలితం ఆశాజనకంగా కనిపించాక దానినే విస్తరించి, 2002 నుంచి 2008 వరకు మొత్తం 410 మందిని చేర్చుకున్నారు. సగంమందికి జెమ్‌సిటబిన్ ఒక్కటే, మిగతా సగానికి దానితోపాటు సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. ఏబీసీ-02 అనే ఆ పరిశోధన ఫలితాలు 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడ్డాయి. ఒకే మందు తీసుకున్నవారి మధ్యస్థ ఆయుర్దాయం 8.1 నెలలు, రెండూ తీసుకున్నవారిది 11.7 నెలలు. అప్పటి నుంచి ప్రపంచమంతటా ఈ జబ్బుకు మొదట ఇచ్చే చికిత్స ఈ జోడీయే అయింది.

మూడున్నర నెలలేనా అని నా ముఖం చూసి గ్రహించారేమో, డాక్టరుగారు పాత రిపోర్టు వెనక్కి తిప్పి, నెలలు గడిచేకొద్దీ ఒక్కో గుంపులో ఎందరు మిగిలారో చూపుతూ, మెట్లు మెట్లుగా కిందికి దిగే రెండు గీతలు గీశారు. మధ్యస్థం అంటే సగంమంది అన్ని నెలలు దాటి బతికారని అర్థమనీ, ఆ అంకెను మామయ్యగారి నుదుటి రాతగా తీసుకోకూడదనీ, అలాగని జబ్బు నయమైపోతుందని మాత్రం తాను మాట ఇవ్వలేననీ చెప్పారు. ఆ కాగితం ఇప్పటికీ మా ఫైల్లోనే ఉంది. ఆశను పెంచకుండా, తుంచకుండా నిజం చెప్పడం ఎంత కష్టమో రోగి పక్కన కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. ఇందుకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

డే కేర్ గురించి చెప్పవలసింది బాగానే ఉంది. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను దెబ్బతీసే మందు, అందుకే మందుకు ముందూ తరవాతా సెలైన్ ధారాళంగా ఎక్కించాలి, అందులో పొటాషియం, మెగ్నీషియం కలపాలి. ఇక్కడ సిస్టర్లు ఆ పని ఒక్కసారి కూడా తగ్గించి చేయలేదు. మూత్రం ఎంత వచ్చిందో కొలిచి రాసుకున్నాకే ఇంటికి పంపుతారు. ప్రతిసారీ ముందు రోజు రక్తపరీక్ష చేయించి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తారు. ఒకసారి ప్లేట్‌లెట్లు పడిపోయాయని మందు ఎక్కించకుండా వారం వాయిదా వేశారు. రావులపాలెం వంతెన దాటి అంతదూరం వచ్చాక ఉత్త చేతులతో తిరిగి వెళ్ళాలంటే ఉసూరుమనిపించింది, అయినా అదే సరైన నిర్ణయం. ఆ తరవాత నుంచి రక్తపరీక్ష అమలాపురంలోనే చేయించి రిపోర్టు వాట్సాప్‌లో పంపితే చాలని వాళ్ళే ఏర్పాటు చేశారు. చెవుల్లో హోరు వినిపిస్తోందా, వేళ్ళు తిమ్మిరి ఎక్కుతున్నాయా అని పెద్ద సిస్టర్ ప్రతిసారీ మరచిపోకుండా అడుగుతారు. బిల్లు మాకు ఆరోగ్యశ్రీ కార్డు మీదే జరిగిపోయింది, పథకం పేరు ఎన్నిసార్లు మారినా మా వైపు అందరం దాన్ని ఆ పేరుతోనే పిలుస్తాం.

కుర్చీలు మాత్రం మార్చాలి. ఐదారు గంటలు కూర్చోవలసిన మనిషికి వెనక్కి వాలని ప్లాస్టిక్ కుర్చీ వేయడం అన్యాయం. తోడు వచ్చినవాళ్ళకు కూర్చునే చోటే లేదు.

ఖరీదైన మందుల విషయంలో ఈ క్లినిక్ నిజాయితీ నన్ను ఆకట్టుకుంది. 2022లో వెలువడిన టోపాజ్-1 పరిశోధన ఇదే జోడీకి డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు, కలిపి చూసింది. దక్షిణ కొరియాకు చెందిన దో-యున్ ఓ నాయకత్వంలో 685 మంది మీద జరిగిన ఆ పరిశోధనలో వాలే కూడా భాగస్వామే. రెండేళ్ళ దగ్గర చూస్తే, ఆ మందు కలిపినవారిలో నూటికి దాదాపు 25 మంది, కలపనివారిలో దాదాపు 10 మంది జీవించి ఉన్నారు. మధ్యస్థ ఆయుర్దాయంలో తేడా మాత్రం నెల పైచిలుకే. డోసు లక్షల్లో పలుకుతుంది. డాక్టరుగారు రెండు లెక్కలూ మా ముందు పెట్టి, ఇల్లు తాకట్టు పెట్టే పనైతే వద్దని సూటిగా చెప్పారు. ధరలు ఎప్పటికీ ఇలాగే ఉంటాయని కూడా అనుకోనక్కరలేదు. కాలేయ క్యాన్సర్‌కు వాడే సోరాఫెనిబ్ నెలకు 2,80,000 రూపాయలు ఉన్న రోజుల్లో, 2012లో, మన హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా మందు తయారుచేసుకోనిచ్చే కంపల్సరీ లైసెన్సు దేశంలోనే మొట్టమొదటిసారి దక్కడంతో అదే మందు 8,880 రూపాయలకు దిగింది. మా పక్క కుర్చీలో కూర్చున్న భీమవరం ఆయన ఆ మాత్రలే వాడుతున్నారు.

ఇక లోపాలు. మొదటిది, జన్యు పరీక్ష. కాలేయం లోపలి పిత్తనాళాల్లో పుట్టే క్యాన్సర్లలో కొందరికి ఎఫ్‌జీఎఫ్‌ఆర్-2, ఐడీహెచ్-1 అనే జన్యువుల్లో మార్పు ఉంటుంది, అలాంటివారికి పెమిగాటినిబ్, ఐవోసిడెనిబ్ వంటి మాత్రలు పనిచేస్తాయి. కనుక బయాప్సీ తీసినప్పుడే ఆ పరీక్షకు పంపాలి. ఇక్కడ అలా పంపలేదు, కీమో సగంలో ఉండగా మేము అడిగితేనే కదిలారు. బయాప్సీ ముక్క హైదరాబాదు వెళ్ళి ఫలితం వచ్చేసరికి వారాలు గడిచాయి. మార్పేమీ లేదని తేలింది, అది వేరే సంగతి. ఉన్నవాళ్ళకు ఆ వారాలు ఎంత విలువైనవో ఆలోచించాలి.

రెండోది ఇంకా పెద్ద లోపం. స్టెంట్ ఉన్న రోగికి చలితో జ్వరం వచ్చిందంటే స్టెంట్ మూసుకుపోయి పిత్తనాళంలో చీము పడుతోందని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగే జబ్బు కాదది, వెంటనే యాంటీబయాటిక్ పడాలి, అవసరమైతే స్టెంట్ మార్చాలి. ఈ సంగతి డిశ్చార్జి కాగితంలో రాసి ఉంది గానీ, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో లేదు. మామయ్యగారికి అర్ధరాత్రి చలిజ్వరం వచ్చినప్పుడు క్లినిక్ నంబరు మోగి మోగి ఆగిపోయింది. అంబులెన్సులో రాజమహేంద్రవరం చేరాక కూడా, క్యాజువాలిటీలో ఉన్న చిన్న డాక్టరుకు స్టెంట్ కథ మొదటి నుంచీ మేమే చెప్పుకోవలసి వచ్చింది. అదృష్టవశాత్తు గండం గడిచింది. కోనసీమకు రైలు లేదు, లంక గ్రామాలవాళ్ళకైతే వరద రోజుల్లో పడవే దిక్కు. ఇలాంటి చోట నుంచి వచ్చే రోగులకు రాత్రి పలికే ఒక ఫోన్ నంబరు ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు. ఈ మాట యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇచ్చాం, ఈ సమీక్ష రాసేనాటికి జవాబు రాలేదు.

ఈ లోపాలున్నా, పిత్తనాళ క్యాన్సర్ అని తేలినవారికి నేను ఈ తరహా క్లినిక్‌నే సిఫారసు చేస్తాను. ఆపరేషన్‌కు వీలుందా లేదా అన్నది మాత్రం కాలేయ శస్త్రచికిత్సలో చెయ్యి తిరిగిన సర్జన్‌తో మరోచోట కూడా ఒకసారి చూపించుకోండి, ఎందుకంటే ఈ జబ్బు పూర్తిగా నయమయ్యే అవకాశం గడ్డను తీసివేయగలిగినప్పుడే ఉంటుంది. వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితాలతో సరిపెట్టకుండా స్కాన్ సీడీలు, బయాప్సీ బ్లాకు (మైనంలో భద్రపరచిన గడ్డ ముక్క) తీసుకెళ్ళండి. స్టెంట్ వేసిన తేదీ, అది ప్లాస్టిక్‌దా లోహానిదా అన్నది ఒక కాగితం మీద రాయించుకుని రోగి జేబులోనే ఉంచండి, ప్లాస్టిక్ స్టెంట్ సాధారణంగా మూడు నెలలకు మార్చవలసి ఉంటుంది. జన్యు పరీక్షకు ఎప్పుడు పంపుతున్నారో, రాత్రి జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో మొదటి రోజే అడిగి, జవాబు ఫైలు మీద రాయించుకోండి.